రెండో చెవి సాక్షికి

ఆమె పోయిందన్న కబురు నాకు బేరం మధ్యలో తెలిసింది.

సోంపేట సంతలో తాటాకు బుట్ట బేరం చేస్తున్నాను. అమ్మే ఆమె ఒక ధర చెప్పింది. నేను అందులో సగం అన్నాను. ఆమె బుట్ట లాక్కుని వెనకాల పెట్టుకుంది. నేను అక్కర్లేదన్నట్టు మొహం పెట్టి నడక మొదలెట్టాను. నాలుగో అడుగు దగ్గర వెనకనుంచి పిలుపు రావాలి. చిన్నప్పటినుంచి చేస్తున్న పని, అడుగు లెక్క తప్పదు. పిలుపు సరిగ్గా నాలుగో అడుగుకే వచ్చింది గానీ మాట వేరు.

"ఓ సావుకారీ! మీ షాపెదురుగా కూకునే ఎండుచేపలామె పోనాది, ఎరుగుదువా?"

"ఎవరు? బారువమ్మా?"

"ఆఁ, ఆయమ్మే. నాలుగు దినాలయినాది. నిద్దర్లో పోనాదంట. అదురుష్టవంతురాలు."

వెనక్కి వచ్చి బుట్ట తీసుకుని డబ్బులిచ్చి నడిచాను. షాపు దగ్గరికి వచ్చాక గానీ తెలియలేదు, చెప్పిన ధరే ఇచ్చేశానని. అరుగు మీద కూర్చున్నన్నాళ్ళూ తను బేరమాడలేదు, వెళ్ళిపోయాక నా చేత కూడా బేరం లేకుండా కొనిపించింది. నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు. ఉడుకుమోత్తనం.

నేను పలాసలో కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. మా నాన్నది కిరాణా, పెదనాన్నది జీడిపప్పు, మేనమామది బట్టలు. మా ఇంట్లో రెండోసారి పప్పు వడ్డించాలన్నా బేరమే జరిగేది. "గరిటెడు వెయ్యనా, అరగరిటెడు వెయ్యనా" అని అమ్మ అడిగితే, "ముప్పావు" అని మేమనేవాళ్ళం. అలాంటివాణ్ణి సోంపేటలో మందుల షాపు పెట్టుకున్నాను. అద్దాల బీరువాలు, గోడకి లైసెన్సు, పైన వెలిగే బోర్డు. షాపుకి ఎదురుగా ఎప్పుడో మూతపడిన టైలరు కొట్టు ఒకటుంది. ఆ అరుగు మీద ఆమె ఎండుచేపల తట్ట.

ఆమెకి పేరుంది. కానీ బజారులో అందరికీ బారువమ్మే, రోజూ బారువనుంచి ఆటోలో తట్టతో దిగుతుంది కాబట్టి. ఒక మోకాలు నిలబెట్టి, ఒకటి మడిచి కూర్చునేది. చేతిలో కొబ్బరీనె ఉండేది. దానితో ఎండు నెత్తళ్ళ చేపల మీద ఈగల్ని తోలేది. ఎవరైనా ధర అడిగితే ఒకసారి చెప్పేది. తగ్గించమంటే కోపం లేదు, నవ్వు లేదు, ఈగల వైపు చూసేది. మళ్ళీ అడిగితే, "సెప్పేసినాను కదా తల్లీ" అనేది. అంతే. తలుపు మూసి గడియ పెట్టినట్టు ఉండేది ఆ మాట. జనం నాలుగడుగులు వేసేవాళ్ళు. ఆమె పిలిచేది కాదు. వాళ్ళే తిరిగొచ్చి కొనుక్కునేవాళ్ళు. కౌంటర్లోంచి రోజూ ఈ వేడుక చూసేవాణ్ణి. నేను నాలుక అరిగేలా మాట్లాడి సాధించేది, ఈమె ఈగల్ని చూసి సాధిస్తోంది.

ఒకరోజు రోడ్డు దాటి నా షాపుకి వచ్చింది.

"దెబ్బలకి రాసే స్పిరిట్టు ఉందేటి బాబూ?"

ఉందన్నాను. బేరానికి చోటు వదిలి కాస్త పైనే ధర చెప్పాను. ఆమె కొంగుముడి విప్పి ఇచ్చేసింది. నేను సిద్ధం చేసుకున్న రెండో ధర, మూడో ధర, "నీ మొహం చూసి ఇస్తున్నాను" అనే ఆఖరి మాట, అన్నీ నోట్లోనే ఉండిపోయాయి. పెళ్ళిభోజనానికి పిలిచి విస్తరి తీసేసినట్టయింది నాకు.

"ఎందుకమ్మా స్పిరిటు? దెబ్బ తగిలిందా?"

"నేదు బాబూ. సెవులకి."

నవ్వొచ్చింది. "చెవులకా! అది సారాకి దగ్గరి చుట్టం. చెవిలో పోస్తే మనిషి తూలతాడు."

"తూలడు. తడారిపోద్ది. సెవిలో నీరుండిపోతే కదేటి కుళ్ళడం." సీసాని ఎండకెత్తి చూసింది. "నిదానంగా సూడాల బాబూ. ఎవుడికి పన్జేత్తది, ఎవుడికి సెయ్యదు అని."

సముద్రం ఒడ్డున చెవిపోటు మామూలు సంగతి. పడవని అలలోకి తోసేటప్పుడు మనిషి నెత్తిదాకా మునుగుతాడు. చెవిలో నీళ్ళు నిలుస్తాయి, దురదేస్తుంది, అగ్గిపుల్ల పెడతాడు, లేదంటే బండి తాళం పెడతాడు. నాలుగు రోజుల్లో చెవిదారి వాచి మూసుకుపోతుంది. దిండు మీద తల పెట్టలేడు, బువ్వ నమల్లేడు. ఇంట్లోవాళ్ళు కొబ్బరినూనెలో వెల్లుల్లి కాచి పోస్తారు. అది ఇంకా నానుతుంది. బారువమ్మ వయసులో ఉన్నప్పుడు టెక్కలిలో ఒక చెవి డాక్టరు దగ్గర ఊడ్చి తుడిచే పని చేసిందట. ఆయన చేతులు చూసి నేర్చుకుంది కొంత. మిగతాది తనే కనిపెట్టుకుంది.

ఆమె పద్ధతి చెప్తాను. వచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టేది. ఈ చెవి ఎప్పుడైనా చీము కారిందా అని అడిగేది. దూదిలోంచి ఒక్క పోగు లాగి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, వాడి చెవి ముందు వేలాడదీసేది.

"ముక్కు మూసుకో. నోరు మూసుకో. ఉప్పుడు ఊదు."

"ఎక్కణ్ణుంచి ఊదాలే అప్పా, అన్నీ మూసేసినాక?"

"సెవిలోంచి ఊదు."

బజారు మధ్యలో మీసాల మొగాళ్ళు ముక్కు మూసుకుని, బుగ్గలు పొంగించి, కళ్ళు బయటికి పెట్టి ఊదేవాళ్ళు. ఆమె మాత్రం పోగునే చూసేది. పోగు కదిలిందంటే లోపల చెవిపొరకి చిల్లు ఉన్నట్టు, గాలి దాన్లోంచి వస్తున్నట్టు. "పోగు కదిలితే మందు నేదు. టెక్కలి ఎల్లు" అని లేపేసేది. ఎంత బతిమాలినా చుక్క వేసేది కాదు. కదలకపోతే స్పిరిటులో తెల్ల వెనిగరు కలిపిన చుక్కలు వేసేది, అది కూడా కుడిచెవికే.

ఒకరోజు ఒక పడవమనిషి గొడవపడ్డాడు. నేను చెవులు రిక్కించి విన్నాను.

"అదేటే అప్పా, రెండో సెవేటి పాపం సేసినాది?"

"పాపం సెయ్యనేదురా. ఈ సెవి మందుకి. ఆ సెవి సాచ్చికి."

"సాచ్చేటి! సెవి కోర్టుకెల్తాదేటి?"

"ఎల్తాది. సాచ్చి సెవికి వాపొచ్చి, మందు సెవికి రానేదనుకో, మందు ఒప్పు. మందు సెవికొచ్చి సాచ్చికి రానేదనుకో, మందు తప్పు. రెండిటికీ వచ్చినాదనుకో..."

"నీ బుర్ర తప్పు!"

"ఒప్పుకుంతాను. ఇటు తిరుగు."

ఆమెకి చదువు రాదు. కానీ ఏదీ నోటిమాట మీద నమ్మేది కాదు. ఒక్కొక్కడికి ఒక వలతాడు ముక్క. దాన్ని మధ్యకి మడిస్తే రెండు పాయలు. కుడిపాయకి ఎర్రదారం చుట్టేది, అది మందు చెవి. ఎడమపాయ ఉత్తిది, అది సాక్షి. మడత దగ్గర వాడి గుర్తు కట్టేది. ఒకడికి చొక్కాబొత్తాం, ఒకడికి గవ్వ, ఒకడికి గాలపుముక్క. ఏ చెవికి ఎప్పుడు వాపొచ్చినా ఆ పాయకి ఒక ముడి. తట్ట వెనకాల గోడకి మేకు కొట్టి ఈ తాళ్ళన్నీ వేలాడదీసింది. గాలికి గవ్వలు చప్పుడు చేసేవి. నా షాపులో ఏసీ చప్పుడు చేసేది. జనం గవ్వల దగ్గరికి వెళ్ళేవాళ్ళు.

నా కుళ్ళు ఏ స్థాయికి వెళ్ళిందో చెప్పుకోవాలి. నా బీరువాలో చెవిచుక్కల మందు మూడు రకాలుండేది. మూడింటికీ దుమ్ము పట్టింది. నొప్పిమాత్రలు పోతాయిలే అనుకుంటే, మా ఉద్దానంలో కిడ్నీల భయం ఇంటింటా ఉంది. నొప్పిమాత్రంటేనే, "వద్దు బాబూ" అని చేతులు వెనక్కి పెట్టుకుంటారు. ఇక మా ఆవిడ ఒకరోజు, "చెవి దురదగా ఉందండీ, ఎదురుగా చూపించుకొస్తాను" అంది. ఎదురుగా! భర్త మందుల షాపువాడు! వద్దనేలోపే రోడ్డు దాటేసింది. ముక్కు మూసుకుని బుగ్గలు పొంగించి ఊదింది కూడా. తిరిగొచ్చి, "నా ఎడమచెవి సాక్షికటండీ" అంది, ఏదో సన్మానం జరిగినట్టు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాటకి ఒక్కసారి సాక్ష్యం చెప్పిన మనిషి కాదు.

ఆ రోజే నాకు గొప్ప ఆలోచన వచ్చింది. వ్యాపారస్థుడి బుర్రకి రావలసిన ఆలోచనే. ఆమె ఒక్క చెవికే మందు వేస్తోంది. అంటే రెండో చెవి ఖాళీగా ఉంది! ఊరునిండా ఇన్ని ఖాళీ చెవులుంటే ఎవడూ పట్టించుకోడేం? స్పిరిటు నాది, వెనిగరు ఎక్కడైనా దొరుకుతుంది. చిన్నసీసాల్లో కలిపి కౌంటరు మీద వరసగా పెట్టాను. అట్ట మీద రాయించాను: రెండు చెవులకీ. ఆమె పోగు సంగతి నేను పెట్టుకోలేదు. కొనడానికి వచ్చినవాణ్ణి ముక్కు మూసుకోమంటే వాడు నోరు కూడా మూసుకుని వెళ్ళిపోడూ?

అమ్మకం మొదలెట్టిన పొద్దున బాగా ఎండగా ఉంది. నలుగురైదుగురు పోగయ్యారు. నేను గొంతు పెంచాను, ఎదుటి అరుగుకి వినపడాలని.

"ఒక చెవికి వేసి ఒక చెవి ఎండగట్టడమేమిటి బాబూ! రెండు చెవులకీ తీసుకోండి!"

ఒకాయన సీసా అటూ ఇటూ తిప్పాడు. "మండుద్దేమో సావుకారీ?"

"మండదు."

"మండుద్ది. స్పిరిట్టు కదేటి."

"మండదంటే! ఇదిగో చూడు." బేరం తెగేలా లేనప్పుడు సరుకు మనమే నోట్లో వేసుకుని చూపించడం మా నాన్న నేర్పిన విద్య. బెల్లమైతే నోట్లో వేసుకునేవాణ్ణి. ఇది చెవిమందు. తల వంచి నా ఎడమచెవిలో సీసా ఒంపేశాను.

చిన్నప్పుడు ఆ చెవి కారేదని, అమ్మ దూది పెట్టి బడికి పంపేదని నాకు ఆ క్షణం దాకా గుర్తులేదు. ఒంపాక గుర్తొచ్చింది. చెవిలోకి కాదు, బుర్రలోకే నిప్పు దిగినట్టయింది. గొంతులో స్పిరిటు రుచి తగిలింది. బీరువాలు గిర్రున తిరిగాయి, పాలపొడి డబ్బాలు నా మీద పడ్డాయి. లేదా నేనే వాటి మీద పడ్డాను. చుట్టూ అరుపులు. నాకు నొప్పికన్నా ఎక్కువ బాధించినదేమిటంటే, ఎదుటి అరుగు. ఆమె చూస్తోంది. ఇప్పుడు ఒక్క మాటంటుంది, షాపు మూసుకోవలసిందే. నా మందు నన్నే పడేసిందని ఇచ్ఛాపురం దాకా చెప్పుకుంటారు.

ఆమె తట్ట వదిలేసి రోడ్డు దాటి వచ్చింది. నా తల ఒళ్ళో పెట్టుకుంది. నెత్తళ్ళ వాసన. దూదిపోగు చెవి ముందు పెట్టింది.

"ముక్కు మూసుకుని ఊదు సావుకారీ. నెమ్మదిగా."

ఊదాను. చెవిలో ఈల వినిపించింది. పోగు నాకు కనపడలేదు. ఆమె మొహం కనపడింది, చాలు.

"ఏటయినాదే అప్పా? మందు వికటించినాదేటి?" జనం మీదికి వంగారు.

ఆమె తలెత్తి, ఈగల్ని తోలినట్టు చెయ్యి ఊపింది. "ఏటీ నేదు. పొద్దున్నించి ఏటీ తిన్నేదు బాబు, కళ్ళు తిరిగినాయి. గాలాడనీండి, ఎల్లండెల్లండి." తరవాత నా మంచి చెవి దగ్గరికి వంగి, నాకొక్కడికే వినపడేలా అంది: "కదిలినాది సావుకారీ. లోపట సిల్లుంది. టెక్కలి ఎల్లు. తలమీద నీల్లు పోసుకోకు."

సరుకు గురించి ఒక్క అబద్ధం ఆడని మనిషి నాకోసం నడిబజారులో అబద్ధమాడింది. దానికి ధర ఏం చెప్తుందోనని నేను చాలా రోజులు కాచుకుని కూర్చున్నాను. స్పిరిటు ఉత్తినే అడుగుతుందనుకున్నాను. సీసాలు తీసెయ్యమంటుందనుకున్నాను. ఏమీ అడగలేదు. సీసాలు నేనే తీసేశాను. అడిగి ఉంటే బేరమాడి కొంత తగ్గించి, ఆమెని మర్చిపోయేవాణ్ణి. అడక్కపోవడంతో ఆ మేలు అలాగే నా మీద ఉండిపోయింది.

టెక్కలి మాత్రం వెళ్ళలేదు. చెవి డాక్టరు వరండాలో మందుల షాపువాడు చీటీ పట్టుకుని కూర్చుంటే ఎవరైనా చూడరా? రెండువారాలకి ఆమె వచ్చింది.

"సెవెలగుంది? టెక్కలి ఎల్లినావా?"

"అక్కర్లేకపోయింది. దానికదే పూడిపోయింది."

"నిజవేనా?"

"నిజమే."

కాసేపు నన్నే చూసింది. ఈగల వైపు చూసే చూపు కాదది, పోగు వైపు చూసే చూపు. "మంచిదే బాబూ" అని వెళ్ళిపోయింది.

ఆ తరవాత ప్రతి వానాకాలం అడిగేది. ప్రతిసారీ "బాగుంది" అనేవాణ్ణి. బాగుండేది కాదు. వానలు పట్టగానే చెవి కారేది, దూది పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆమె అరుగు దిగి రోడ్డు దాటడం కనిపిస్తే, ఆ దూది తీసి జేబులో వేసుకునేవాణ్ణి. ఆమె ముందు ఇంకోసారి ఓడిపోవడం ఇష్టం లేక.

ఇంతలో ఆమె అరుగు ఖాళీ అవడం మొదలైంది. కారణం ఆమే. ఒక వేసవిలో, వేట నిషేధం ఉన్నన్నాళ్ళు, తాళ్ళన్నీ ఒళ్ళో వేసుకుని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. వేట మొదలవగానే వాపుతో వచ్చినవాళ్ళందరినీ లేపేసింది. "వాపొచ్చినాక ఈ మందు కాదు. మంట పెరుగుద్ది, మానదు. డాక్టరుకాడికెల్లు. సెవి బాగున్నోడే, ఏటకెల్లొచ్చినాక ఏసుకోవాల. పుల్లలు పెట్టకు." ఇదీ ఆమె తేల్చినది. నొప్పి ఉన్నవాడికి మందు లేదు. నొప్పి లేనివాడికి మందు. నొప్పి లేనివాడు మందు కోసం ఎందుకొస్తాడు? లోకంలో ఇంతకన్నా అమ్ముడుపోని సరుకు లేదు.

నేను ఉండబట్టలేక రోడ్డు దాటాను. ఆ అరుగు దగ్గరికి నేను వెళ్ళడం అదే మొదలు.

"ఏమిటమ్మా ఇది? జనం నమ్మి వస్తున్నారు. వేసి పంపించొచ్చు కదా. ఎవరికి తెలుస్తుంది?"

"తాడుకి తెలుసు బాబూ." ఒక తాడు నా చేతిలో పెట్టింది. "తడిమి సూడు. వాపుతో వచ్చినోడు. మందు పాయకి ఎన్ని ముడులు, సాచ్చికెన్ని? నానేటి సెయ్యను, అది అలగ సెప్పినాది."

"ఇన్నాళ్ళూ వేశావు కదా. నీ పేరు పోదా?"

"పేరా?" కొబ్బరీనె అందుకుంది. "నాకు పేరెక్కడిది బాబూ, బారువమ్మంతారు."

జనం నా షాపుకి తిరిగొచ్చారు. దుమ్ము దులిపి చెవిచుక్కలు అమ్మాను. గెలిచినట్టే. కానీ పందెంలో నేనొక్కణ్ణే పరిగెత్తానని తెలిశాక గెలుపు ఏం రుచిస్తుంది? చేతిలో ఉన్న సరుకు మంచిది కాదని తనంతట తనే చెప్పి, ఆ తరవాత హాయిగా ఈగలు తోలుకునే ధైర్యం నాకు లేదు. మా వంశంలోనే లేదు. అప్పటిదాకా ఆమె దగ్గరున్న జనాన్ని చూసి ఏడ్చాను. ఆ రోజునుంచి ఆమెని చూసి ఏడ్చాను.

సంతలో కొన్న బుట్టలో పళ్ళు పెట్టుకుని, కబురు తెలిసిన మర్నాడు బారువ వెళ్ళాను. సముద్రానికి ఇవతల కొబ్బరిచెట్ల మధ్య రెండు గదుల స్లాబు ఇల్లు. వరండా నిండా జనం. ఎంతమందో ఎంచబోయి మానేశాను. నేను పోతే ఇంతమంది రారని తెలుస్తూనే ఉంది. ఆమె కోడలు నాకు కుర్చీ వేసింది. ముప్పై ఏళ్ళుంటాయి. నేనేదో పరామర్శ మాట అంటే తల పక్కకి తిప్పి దగ్గరికొచ్చింది.

"ఇటుపక్కనించి సెప్పండి బాబూ. ఆ సెవి వినబడదు."

ఆమె కుడిపక్కకి జరిగి చెప్పాను. "తాళ్ళున్నాయా అమ్మా? ఒకసారి చూస్తాను."

గూట్లోంచి తాళ్ళ చుట్ట తెచ్చింది. బొత్తాలు, గవ్వలు, గాలాలు. వాటిలో ఒక తాడుకి స్పిరిటు సీసా మూత కట్టి ఉంది. ఎవరిదని అడగక్కర్లేదు. నా చేతిలోంచి వెళ్ళిన మూతే. ఎడమపాయకి ఒక్క ముడి. నేను డబ్బాల మీద పడిన రోజుది. ఆ తరవాత మూరెడు తాడు నున్నగా, శుభ్రంగా ఉంది.

కోడలు ఆ తాడు చూసి నవ్వింది. "మీదే బాబూ. ఇదే నాకు దయిర్యం."

"ధైర్యమేమిటి?"

"పోయినేడు రేవుకాడ కెరటం కొట్టి నా సెవి పగిలిపోనాది. పోగు కదిలినాది. టెక్కలి ఎల్లు, టెక్కలి ఎల్లు అని అత్త ఒకటే పోరు. సావుకారు సెవి దానికదే పూడిపోనాది కదేటి, తాడు సూడు, ఒక్క ముడే అన్నాను. తాడు తడిమింది, మరి మాటాడనేదు. తాడంటే అంత నమ్మకం అత్తకి. ఏడాదవుతున్నాది. నాదీ పూడిపోద్దని సూత్తన్నాను."

"తగ్గిందా?"

"కారతానే ఉంది. మాట సరిగ్గా వినబడ్డం మానేసినాది."

జేబులో చెయ్యి పెట్టాను. నా దూది అక్కడే ఉంది.

"అది అబద్ధం తల్లీ" అన్నాను.

"ఆఁ?"

కంగారులో మళ్ళీ ఎడమపక్కకి వచ్చేశాను. ఆమెకి వినపడలేదు. ఇంకోసారి చెప్పాలి, గట్టిగా చెప్పాలి. వరండాలో వాళ్ళంతా ఇటు చూశారు. జీవితంలో నా గొంతు ఎన్నోసార్లు పెంచాను, అంత బరువు ఎప్పుడూ లేదు.

"అబద్ధమన్నాను! నా చెవి పూడలేదు! ఏటేటా కారుతోంది! మీ అత్తకి అబద్ధం చెప్పాను!"

కోడలు తాడు వైపు చూసింది, నా వైపు చూసింది.

"అత్తకా?" అంది. "తాడుకేనా?"

"తాడుకే."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. అత్త దగ్గర నేర్చుకున్నట్టుంది. రేపు పొద్దున్న మొదటి బస్సుకి టెక్కలి వెళ్దాం, ఇద్దరం చూపించుకుందాం అన్నాను. చీటీ పట్టుకుని వరండాలో నేనే ముందు కూర్చుంటానన్నాను. సరేనంది. తరవాత తాడు నా ఒళ్ళో పెట్టింది.

"మరి దీన్నేటి సేత్తారు? ఇలగుంటే ఇంకోలు సూసి ఆగిపోతారు."

వలముడి ఎలా వెయ్యాలో ఆమే చూపించింది. నా వేళ్ళకి పొట్లం కట్టే ముడి తప్ప ఇంకోటి రాదు. మొదటి వానాకాలానికి ఒకటి వేశాను. రెండో వానాకాలం రెండుసార్లు కారింది, రెండు వేశాను. మూడో ఏడు ఒకటి, నాలుగో ఏడు ఒకటి. నున్నటి తాడు గరుకుగా మారుతోంది. ఆఖరిది మిగిలింది, పోయినేటిది. అది మరీ అంత కారలేదు, రెండు రోజులు చెమర్చిందంతే. దాన్ని వదిలెయ్యొచ్చు, దాని గురించి ఎవరూ అడగరు అనిపించి చెయ్యి ఆగింది.

"అయిపోనాదా బాబూ?" అంది కోడలు.

గూటి పక్కన గోడకి ఆనించి ఒక కొబ్బరీనె ఉంది, చివర అరిగిపోయి.

"ఇంకొకటుంది" అన్నాను. వేశాను.